కంకి కోయండి, ఆకులు వదిలేయండి

ప్రశ్న: పోయిన ఏడాది వేసవి పూల కోసం ముప్ఫై గ్లాడియోలస్ దుంపలు కొన్నాను. ఇంటి ముందు బార్డర్‌లో, అంటే అంచు వెంట ఉన్న పూలమడిలో, రెండంగుళాల లోతులో, అన్నీ ఒకే రోజు నాటాను. అన్నీ ఒకే వారంలో పూశాయి. గాలివాన వచ్చి సగం పడిపోయాయి. మిగిలినవైనా దక్కుతాయో లేదోనని టెన్షన్ పడి, నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో అన్నిటినీ కోసి వాజుల్లో పెట్టుకున్నాను. ఇల్లంతా వెలిగిపోయింది. తర్వాత దుంపలు తవ్వి దాచి ఈ ఏడాది మళ్లీ నాటాను. ముప్ఫై మొక్కలూ ఆకులైతే వేశాయి, పూసినవి మాత్రం నాలుగే. వాటి మొగ్గలు కూడా సరిగ్గా విచ్చుకోకుండా అంచులు ఎండిపోయాయి. ఆకుల మీద వెండి రంగు గీతలు కనిపిస్తున్నాయి. మా మట్టి పనికిరాదా? ఈ దుంపలు పారేసి కొత్తవి కొనాలా? నాకు బార్డర్‌లోనూ పూలు కావాలి, వాజులోకీ కావాలి. రెండూ కుదురుతాయా? – ఒక పాఠకురాలు

సమాధానం: రెండూ కుదురుతాయండీ. మీ మట్టికి దోషం లేదు. ముప్ఫై దుంపలూ రెండోసారి కూడా ఆకు వేశాయంటే నేల బాగానే ఉన్నట్టు. పొరపాటు కోతలో జరిగింది. కంకులతో, అంటే పూలు వరసగా పూసే కాడలతో పాటు ఆకులన్నీ పోయాయి. గ్లాడియోలస్‌లో వచ్చే ఏడాది పువ్వుకు పెట్టుబడి ఆ ఆకులే.

మీరు నాటిన దుంప ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఉండదు. పైనున్న గోధుమరంగు పొట్టు ఒలిచి అడ్డంగా కోస్తే లోపలంతా ఒకే గట్టి ముద్ద. అది ఉబ్బిన కాండం. మొలక ఆ నిల్వను తింటూ పైకొస్తుంది. ఆకులు ఎండలో పని మొదలుపెట్టాక, పాత దుంప నెత్తిన, మొక్క మొదట్లో, కొత్త దుంప ఊరడం మొదలవుతుంది. పూలు అయిపోయాక అది బాగా లావెక్కుతుంది. సీజన్ చివర్లో ఒక మొక్కను జాగ్రత్తగా పెళ్లగించి మట్టి దులిపి చూడండి. పైన నిగనిగలాడే కొత్త దుంప, దాని అడుగున వడిలి చదునై బొత్తాంలా మిగిలిన పాత దుంప, రెంటి మధ్య అంటిపెట్టుకుని కందిగింజంత పిల్ల దుంపలు కనిపిస్తాయి. అంటే ఏటా మనం తవ్వి దాచుకునేది ఆ ఏడాది ఆకులు కొత్తగా కూడబెట్టిన దుంపనే.

అలా చూస్తే మీ లెక్క తేలిపోతుంది. నిరుడు మీ ఇంట్లో పూసిన పూలకు సరుకు మీరు కొనక ముందే, ఆ దుంపల్ని పెంచినవారి పొలంలో, వాళ్ల ఆకులు సిద్ధం చేసి పెట్టాయి. ఈ ఏడాది పూలకు సరుకు నిరుటి మీ ఆకులు తయారుచేయాలి. అవి పూలవాజుల్లోకి వెళ్లిపోయాయి. మొదళ్లలో మిగిలిన నాలుగు వేళ్ల పచ్చదనంతో దుంప చిన్నగానే ఊరింది. చిన్న దుంప ఆకు వేయగలదు, కంకి వేసే బలం దానికి చాలదు.

ఈ పువ్వు పేరు ఎక్కడిదో మీకు తెలిసే ఉంటుంది. లాటిన్‌లో గ్లాడియస్ అంటే కత్తి, గ్లాడియోలస్ అంటే చిన్న కత్తి. ఇంత అందమైన పువ్వు ఉండగా పేరు మాత్రం ఆకును చూసి పెట్టారు. ఈ మొక్కను పెంచుతున్న కొద్దీ ఆ పేరు నాకు మరింత నచ్చుతోంది.

ఇక కోత ఎలాగో చెబుతాను. మొక్కకు మామూలుగా ఏడెనిమిది ఆకులు వస్తాయి. కంకి కోసేటప్పుడు కనీసం నాలుగు ఆకులు మొక్కకే వదలాలి. సన్నటి పదునైన చాకు తీసుకోండి. కత్తెర అయితే కాడతో పాటు చుట్టూ ఉన్న ఆకుల్నీ తెంపేస్తుంది. చాకు మొనను ఆకుల మధ్య నుంచి లోపలికి దించి, కాడను మాత్రమే ఏటవాలుగా తెంపి, కంకిని నెమ్మదిగా పైకి లాగాలి. మొదటిసారి చేసేటప్పుడు ఒకటో రెండో ఆకులు చీలతాయి, ఫర్వాలేదు. కాడ పొడుగ్గా కావాలన్న ఆశతో కిందికి పోతే మాత్రం దుంపకు ఎసరు. పొడవు తక్కువైతే పొట్టి వాజు వాడుకోండి. పొడుగు కాడలే కావాలనుకుంటే, పొడుగ్గా పెరిగే రకాల్ని ఎంచుకోవడం ఒక్కటే దారి.

కోతకు సమయం కూడా ముఖ్యం. కంకిలో పూలు కింది నుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి. అడుగున ఉన్న ఒకటి రెండు మొగ్గలు రంగు చూపించి విచ్చుకోబోతున్నప్పుడే కోయాలి. అన్నీ పూసేదాకా మొక్క మీదే ఉంచి కోస్తే వాజులో రెండు రోజుల ముచ్చటే. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, చేతిలో నీళ్ల బకెట్‌తో వెళ్లండి. కోసినది కోసినట్టే నీళ్లలో నిలబెట్టాలి. నిలబెట్టాలి అని ఎందుకంటున్నానంటే, ఒకసారి నేను కోసిన కంకుల్ని పళ్లెంలో పడుకోబెట్టి రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి అన్నిటి కొసలూ కొక్కేల్లా పైకి లేచి ఉన్నాయి. పడుకోబెడితే కొస మళ్లీ ఆకాశం వైపు తిరిగిపోతుంది, ఆ వంకర ఇక సరికాదు. దూరం తీసుకెళ్లాల్సి వచ్చినా నిలువుగానే తీసుకెళ్లండి.

వాజులోకి పెట్టేముందు నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, కొసన ఉన్న రెండు మూడు పచ్చి మొగ్గలు గిల్లేయండి. అవి ఎలాగూ విచ్చుకోవు, తీసేస్తే కింది మొగ్గలు బాగా తెరుచుకుంటాయి. రోజు విడిచి రోజు నీళ్లు మార్చి, కాడ అడుగున ఒక సెంటీమీటరు కోస్తూ, వాడిన పువ్వును ఎప్పటికప్పుడు తుంచేస్తుంటే ఒక కంకి వారం నుంచి పది రోజులు నడుస్తుంది. వాజు బరువైనది ఉండాలి. ఈ కంకులకు పైబరువు ఎక్కువ, తేలికపాటి వాజును పడదోసేస్తాయి.

బార్డర్‌లోనూ వాజులోకీ రెండింటికీ కావాలన్నారు కాబట్టి చోట్లు వేరు చేయండి. కోతకు పెట్టుకునేవి పెరట్లో ఒక మూల, కూరగాయలు వేసినట్టు సాళ్లలో వేయండి. దుంపకూ దుంపకూ పది సెంటీమీటర్లు, సాలుకూ సాలుకూ నలభై సెంటీమీటర్లు చాలు. అక్కడ అందం చూడక్కర్లేదు, ఏ కంకి కావాలంటే అది కోసుకోవచ్చు. బార్డర్‌లో మాత్రం ఒక్కొక్కటిగా బారులు తీర్చకండి, కంచెలా కనిపిస్తాయి. ఏడెనిమిది దుంపల్ని ఒక గుంపుగా, పదిహేను సెంటీమీటర్ల ఎడంతో, ఒకే రంగువి వేయండి. ఐదారు రంగులు కలగలిపిన సంచులు చూడగానే మనసు లాగుతాయి కానీ, బార్డర్‌లో ఏ రంగూ నిలవదు.

పూలయ్యాక ఆకులు ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా నిలబడాలి, ఆ పైన పసుపెక్కాలి. అది చూడ్డానికి బాగుండదు. అందుకే గ్లాడియోలస్ గుంపుల ముందు మోకాలెత్తు పెరిగే గుబురు మొక్కలు వేయండి. జినియా, బంతి లాంటివి ఆ ఎండు ఆకుల్ని చక్కగా కప్పేస్తాయి. అయితే అవి మీద పడి నీడ చేయకూడదు, గ్లాడియోలస్‌కు రోజంతా ఎండ కావాలి. వెలుతురు చాలకపోతే ఆకులు వస్తాయి కానీ లోపల పుట్టిన కంకి బయటికి రాకుండానే ఎండిపోతుంది. గాలి ఎక్కువగా తగిలే చోటైతే నానస్ అనే పొట్టి రకాలున్నాయి, రెండడుగులకు మించవు, పూలు చిన్నవి, ఊతకర్ర అక్కర్లేదు. పెద్ద పూల రకాలు నాలుగైదు అడుగులు లేస్తాయి.

మీ మొక్కలు పడిపోవడానికి గాలివాన ఎంత కారణమో, రెండంగుళాల లోతు కూడా అంతే కారణం. దుంప నుంచి ఉపరితలం దాకా ఉన్న మట్టే ఈ మొక్కకు మొదటి ఊత. పెద్ద దుంపను పది నుంచి పదిహేను సెంటీమీటర్ల లోతులో, అంటే నాలుగు నుంచి ఆరంగుళాల్లో పెట్టాలి. బంకమట్టి అయితే నాలుగు, ఇసుక నేల అయితే ఆరు. మొక్క అడుగు ఎత్తు లేచాక మొదళ్లకు మట్టి ఎగదోయండి. సాళ్లలో అయితే రెండు పక్కలా గుంజలు పాతి తాడు లాగితే సరిపోతుంది. బార్డర్‌లో ఊతకర్రలు కావాలనుకుంటే దుంప నాటిన రోజే పాతండి. మొక్క పెరిగాక కర్ర దించితే అది సరిగ్గా వెళ్లి దుంపలో గుచ్చుకుంటుంది, గుచ్చుకున్న దుంప కుళ్లుతుంది.

అన్నీ ఒకే వారంలో పూయడానికి మందు చాలా సులువు. ఒకేసారి నాటవద్దు. రకాన్ని బట్టి, వాతావరణాన్ని బట్టి నాటిన డెబ్బై నుంచి వంద రోజులకు పూస్తాయి. ముప్ఫై దుంపల్ని ఐదు వాటాలు చేసి పది పదిహేను రోజులకొక వాటా నాటితే వాజు దాదాపు రెండు నెలలు ఖాళీగా ఉండదు. పూలు ఎప్పుడు కావాలో ముందు అనుకుని, అక్కడి నుంచి మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టండి. మంచు గడ్డకట్టే ప్రాంతంలో ఆ బెడద తగ్గాకే మొదటి వాటా నాటాలి, మళ్లీ మంచు మొదలవడానికి మూడు నెలల ముందే చివరి వాటా అయిపోవాలి. ఎండలు మండే చోట్ల, తీవ్రమైన ఎండల్లో కంకి వచ్చేలా నాటితే మొగ్గలు మాడిపోతాయి, కాబట్టి ఆ వారాల్ని తప్పించి లెక్క వేసుకోండి.

నీళ్ల విషయంలో ఒక దశను మరిచిపోవద్దు. రెండు మూడు ఆకులున్నప్పుడు మొక్క చూడ్డానికి గడ్డిపోచలా ఉంటుంది. అప్పుడే లోపల, కంటికి కనిపించకుండా, కంకి రూపుదిద్దుకుంటుంది. అక్కడి నుంచి కంకి బయటపడేదాకా నేల ఎండిపోతే కంకి పొట్టిదవుతుంది, మొగ్గల సంఖ్య తగ్గుతుంది. తర్వాత ఎంత నీళ్లు పోసినా ఆ నష్టం తీరదు. ఎరువు కూడా ఆ రెండు మూడు ఆకుల దశలో ఒకసారి, కంకి కనిపించినప్పుడు ఒకసారి, పూలయ్యాక దుంప ఊరడానికి మూడోసారి కొద్దిగా ఇవ్వాలి. ఆ మూడోసారిని చాలామంది వదిలేస్తారు, పూలు అయిపోయాయి కదా అని నీళ్లు కూడా ఆపేస్తారు. మొక్కకు అసలు పని అప్పుడే ఉంటుంది. నత్రజని మాత్రం ఎక్కువ వేయకండి, ఆకులు ఏపుగా పెరిగి కాడ మెత్తబడుతుంది. నాటేముందు బాగా మాగిన కంపోస్టు కలపండి, పచ్చి పేడ వద్దు. ఇంకొక జాగ్రత్త: గ్లాడియోలస్‌కు ఫ్లోరైడ్ సరిపడదు, ఆకుల కొనలు కాలినట్టు ఎండుతాయి. సూపర్ ఫాస్ఫేట్‌లో ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి భాస్వరం కోసం దాన్ని వాడకపోవడమే మంచిది.

ఇప్పుడు ఆ వెండి గీతల సంగతి. మీరు రాసిన లక్షణాలు తామర పురుగులవి. నిర్ధారణ మీరే చేసుకోవచ్చు. సరిగ్గా విచ్చుకోని ఒక మొగ్గను తెంపి, తెల్ల కాగితం మీద పెట్టి, రేకలు వేళ్లతో విడదీసి గట్టిగా తట్టండి. ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవున, సన్నగా, నల్లగా పాకేవి పెద్ద పురుగులు. లేత పసుపు రంగులో ఉండేవి పిల్లలు. ఇవి ఆకుల్నీ రేకల్నీ గీకి రసం పీలుస్తాయి. గీకిన చోట ముందు వెండి గీత, తర్వాత గోధుమ మచ్చ. మొగ్గలో ఉండగానే రేకల్ని పాడుచేస్తాయి కాబట్టి ఆ పువ్వు పూర్తిగా విచ్చుకోదు. అంటే ఈ ఏడాది మీకు రెండు కష్టాలు కలిసొచ్చాయి. ఇరవై ఆరు మొక్కలు పూయకపోవడం దుంపల బలహీనత వల్ల, పూసిన నాలుగు పాడవడం ఈ పురుగుల వల్ల.

అవి ఎక్కడి నుంచి వచ్చాయంటే, చాలావరకు మీరు దాచిన దుంపల మీదే. పొట్టు కింద దాక్కుని దుంప రసం పీలుస్తూ సీజన్ గడిపేస్తాయి. దాచిన దుంప తడిమితే జిగురుగా, గరుకుగా, గోధుమ మచ్చలతో ఉంటే అది వాటి పనే. ఇప్పుడు చేయాల్సిందేమిటంటే, పాడైన కంకుల్ని తీసి సంచిలో కట్టి పారేయండి. ఆకులు మాత్రం ఉంచండి, గీతలు పడ్డ ఆకు కూడా పనిచేస్తుంది. వేపనూనె, సబ్బునీళ్లు పైపైన ఉన్నవాటిని తగ్గిస్తాయి కానీ మడతల్లో దాక్కున్నవి తప్పించుకుంటాయి. స్పైనోశాడ్ మందు బాగా పనిచేస్తుంది. డబ్బా మీద రాసిన మోతాదు మించకుండా, తేనెటీగలు తిరగని సాయంత్రం పూట కొట్టండి. వచ్చే ఏడాది ఆకులు జానెడు ఎత్తు లేచినప్పటి నుంచే గమనిస్తూ ఉండండి. కంకి బయటికొచ్చాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

ఆకులు సగానికి పైగా పసుపెక్కాక, నేల పొడిగా ఉన్న రోజు చూసి తవ్వండి. తవ్విన వెంటనే ఆకుల్ని దుంప నెత్తి దాకా కోసి తోటలోంచి బయటికి పంపేయాలి. వాటితోపాటే కట్టకట్టి ఆరబెడితే ఆకుల మీది పురుగులు నెమ్మదిగా దుంపల్లోకి దిగిపోతాయి. గాలి ఆడే చోట, నీడలో, రెండు మూడు వారాలు ఆరనివ్వండి. ఆరినాక అడుగున ఉన్న పాత దుంప బొటనవేలితో నొక్కితే టక్కున ఊడొస్తుంది. ఊడిన చోట శుభ్రంగా ఉండాలి. ఆ చోట గోధుమరంగు కుళ్లు లోపలికి పోతూ కనిపిస్తే అది శిలీంధ్రం వల్ల వచ్చే దుంపకుళ్లు, దాన్ని పారేయండి, బాగు చేయాలని చూడవద్దు. ఆకుల మీద మచ్చలు మచ్చలుగా రంగు మారి, పువ్వు రంగు చీలికలుగా కనిపించిన మొక్కలుంటే వాటి దుంపలూ అంతే. అది వైరస్. ఆ వైరస్‌ల్లో ఒకటి చిక్కుడు జాతి మొక్కలకూ సోకుతుంది, పేనుబంక దాన్ని ఇటూ అటూ మోస్తుంది, కాబట్టి గ్లాడియోలస్‌ను చిక్కుడు, బీన్స్ మొక్కల పక్కన పెట్టకండి.

మిగిలిన మంచి దుంపలకు వేడినీళ్ల స్నానం చేయించండి. 46 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట. థర్మామీటర్ లేకుండా చేయొద్దు, వేడి ఎక్కువైతే దుంప చచ్చిపోతుంది, తక్కువైతే పురుగు బతుకుతుంది. తర్వాత మళ్లీ పూర్తిగా ఆరబెట్టి, వలసంచిలోనో కాగితం సంచిలోనో పెట్టి, 4 నుంచి 7 డిగ్రీల మధ్య ఉండే చల్లటి చోట దాచండి. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పట్టి బూజొస్తుంది. చల్లటి గది లేనివాళ్లకు ఫ్రిజ్‌లో కూరగాయల అర ఉంది. ఇంట్లో కుక్కా పిల్లీ ఉంటే వాటికి అందనివ్వకండి, తింటే జబ్బు చేస్తుంది. కొత్తగా తవ్విన దుంప రెండు మూడు నెలలు నిద్రలోనే ఉంటుంది. వెంటనే నాటి, మొలవలేదని మళ్లీ తవ్వి చూసుకుంటూ బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. చలిలో గడిపిన దుంప నిద్ర తీరి ఒకేలా మొలుస్తుంది.

ఇక పారేయాలా వద్దా అన్న మాట. తవ్వినప్పుడు మూడు కుప్పలు చేయండి. వేలితో నొక్కితే మెత్తగా ఉన్నవి, కుళ్లు మచ్చలున్నవి పారేయడానికి. అడ్డకొలత మూడున్నర నాలుగు సెంటీమీటర్లు దాటి, వీపు ఉబ్బెత్తుగా ఉన్నవి వచ్చే ఏడాది పూయడానికి. వెడల్పుగా, చదునుగా పరుచుకున్న దుంప కన్నా కాస్త చిన్నదైనా బొద్దుగా ఉన్నదే మంచిది, కొనేటప్పుడు కూడా ఇదే చూడండి. మూడో కుప్ప చిన్న దుంపలది. మీకు ఈసారి ఇదే పెద్ద కుప్ప అవుతుంది. వాటిని పారేయకండి. ఒక సాలులో ఏడాదంతా ఆకుల కోసమే పెంచండి. ఏదైనా కంకి తొంగిచూస్తే, మనసు ఒప్పకపోయినా, గిల్లేయండి. ఆ బలం దుంపకు పోతుంది. పిల్ల దుంపల్ని కూడా పెంచాలని సరదా ఉంటే వాటి పెంకు గట్టిది, ఒకటి రెండు రోజులు నీళ్లలో నానబెట్టి రెండంగుళాల లోతులో చల్లండి. పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఒకే రకం మీద ప్రేమ ఉన్నవాళ్లకు మాత్రం ఆ ఓపిక ఉంటుంది.

వచ్చే వేసవికి వాజు ఖాళీగా ఉండకూడదు కాబట్టి పదిహేను కొత్త దుంపలు కొనండి. వాటిని పాత దుంపల సాలుకు, ఈ ఏడాది గ్లాడియోలస్ ఉన్న చోటుకు వీలైనంత దూరంగా నాటండి. పాత చోట మూడు నాలుగేళ్లు వేరే మొక్కలు వేసుకోండి.